నరాల బలహీనత మందు పొట్లం గురించి మన రెండు జిల్లాల అధికారులకు బహిరంగ లేఖ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వైద్య ఆరోగ్య శాఖ, ఆయుష్ శాఖ, ఔషధ నియంత్రణ శాఖల అధికారులకు,

నమస్కారాలు.

నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు ఫార్మసిస్టుగా పనిచేసి పదవీ విరమణ పొందాను. సగం ఉద్యోగం శ్రీకాకుళం జిల్లాలో, మిగతా సగం విజయనగరం జిల్లాలో గడిచింది. యాభై దాటిన మగవాళ్లు తమలో తగ్గిపోతున్న సత్తువ కోసం, కోరిక కోసం ఇంట్లో ఎవరికీ చెప్పకుండా కొనుక్కుని మింగుతున్న మూలికా మందుల గురించి మీకు ఈ లేఖ రాస్తున్నాను. ఆ మూలికలను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మా నాన్నగారు బతికినంత కాలం చలికాలంలో పాలలో పెన్నేరు గడ్డ పొడి వేసుకుని తాగినవారే.

ఇలా రాయడానికి కారణమైన సంగతి మా ఇంట్లోనే జరిగింది. మా అక్క భర్త, అంటే మా బావగారు, గజపతినగరం దగ్గర ఒక పల్లెలో వ్యవసాయం చేసుకునే మనిషి. వయసు 63. నాలుగేళ్ల కిందట గుండె నొప్పి వచ్చినప్పటి నుంచి ఐసోసార్బైడ్ అనే నైట్రేటు జాతి బిళ్లలు వాడుతున్నారు. నొప్పి వస్తే నాలిక కింద పెట్టుకోవడానికి సార్బిట్రేట్ బిళ్ల ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఉంటుంది. పోయిన ఏడాది ఒక జాతరలో వెలిసిన డేరాలో ఆయన ఒక చూర్ణం కొన్నారు. నలభై రోజుల మందుకు రెండు వేల ఎనిమిది వందలు పెట్టారు. మూడో రోజు రాత్రి పాలలో కలుపుకుని తాగిన గంటకు మొహం ఎర్రబడి, కళ్లు బైర్లు కమ్మి, పెరటి గట్టు మీద కూలబడిపోయారు. ఆస్పత్రికి చేర్చేసరికి రక్తపోటు పై అంకె 70కి పడిపోయింది. ఇంకేమైనా మందు వాడుతున్నారా అని డాక్టరు మూడుసార్లు అడిగితే మూడుసార్లూ లేదనే చెప్పారు. మా అక్క టీ తేవడానికి బయటికి వెళ్లాక నన్ను దగ్గరికి రమ్మని, ధాన్యం గది అటక మీద ట్రంకుపెట్టె వెనకాల పొట్లం ఉందని చెవిలో చెప్పారు. బావా బావమరదులం. మా మధ్య ఆడని పరాచికం లేదు. ఆ ఒక్క మాట చెప్పడానికి మాత్రం ఆయనకు ప్రాణం మీదికి రావలసి వచ్చింది.

మర్నాడు ఆ పొట్లం తెచ్చి వెలుతురులో పెట్టి చూశాను. లోపల ముదురు గోధుమ రంగు పొడి ఉంది. ముందు మెంతుల వాసన, దాని వెనక జాజికాయ వాసన వచ్చాయి. వేళ్ల మధ్య నలిపితే మూలికల పీచు ఒక పక్కకు పోయి, చర్మానికి అంటుకునే తెల్లని మెత్తటి నలుసులు మిగిలాయి. సంచి మీద సింహం బొమ్మ, ‘నరాల బలహీనతకు నూటికి నూరు శాతం మూలికల మందు’ అనే మాట, ఒక ఫోను నంబరు తప్ప మరేమీ లేవు. తయారీ లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ, ఏమేమి ఎంతెంత కలిపారన్న వివరం ఒక్కటీ లేదు. నా ఉద్యోగ కాలంలో అలాంటి పొట్లం స్టోరులోకి వచ్చి ఉంటే సంతకం పెట్టకుండా వెనక్కి పంపేవాణ్ణి.

అందులో అంగస్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్ అనే మందును కలిపారని నేను నిరూపించలేను. పరీక్ష చేయించమని ఒక కార్యాలయానికి వెళ్తే ఇది ఆయుర్వేదం కాబట్టి మాది కాదన్నారు. రెండో చోటికి వెళ్తే తయారీదారు పేరే లేని సరుకును ఏ పేరు మీద నమోదు చేసుకోవాలని అడిగారు. అయితే జరిగిన తీరు మాత్రం మందుల సంగతి తెలిసిన ఎవరికైనా అర్థమవుతుంది. సిల్డెనాఫిల్‌కు 1998లో అమెరికాలో అనుమతి దొరికిన నాటి నుంచీ ఉన్న హెచ్చరిక ఒకటే: గుండె నొప్పికి నైట్రేటు మందులు వాడేవారు దీన్ని ముట్టుకోకూడదు. రెండూ కలిస్తే రక్తనాళాలు ఒక్కసారిగా సడలి, రక్తపోటు ప్రాణం పోయేటంత కిందికి దిగుతుంది. పూర్తిగా మూలికలే అని చెప్పి అమ్మిన సరుకుల్లో ఈ మందును, దీని పోలిక మందులను దాచి కలిపిన ఉదంతాలను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఏళ్ల తరబడి బయటపెడుతూనే ఉంది. వేసుకున్న గంటకే గుణం కనిపించే చూర్ణం గురించి నా అనుభవం చెప్పేది ఇదే. సాధారణంగా వేరో గింజో గంటలో అలా పనిచేయదు.

మన వైపు దీన్నంతా ‘నరాల బలహీనత’ అంటారు. బస్టాండు గోడల మీదా మరుగుదొడ్ల తలుపుల మీదా అతికించిన కాగితాలన్నిటిలోనూ ఆ మాటే ఉంటుంది. మగవాడు సిగ్గుపడకుండా బయటికి అనగలిగే మాట అదొక్కటే కావడంతో, ఆ మాట తెలిసిన డేరా మనిషికి తలుపు సులువుగా తెరుచుకుంటుంది. నిజానికి చాలామంది విషయంలో దానికీ నరాలకూ సంబంధం ఉండదు. మగవాడి శరీరంలో టెస్టోస్టిరాన్ అనే హార్మోను ముప్పై, నలభై ఏళ్లు దాటాక ఏడాదికి సుమారు ఒక శాతం చొప్పున తగ్గుతూ వస్తుంది. తగ్గుదల మరీ ఎక్కువైతే కోరిక సన్నగిల్లుతుంది, తెల్లవారుజామున సహజంగా కలిగే అంగస్తంభన ఆగిపోతుంది, కండ కరిగి పొట్ట పెరుగుతుంది, ఎముకలు పలచబడతాయి, దేని మీదా మనసు నిలవదు. కానీ ఇందులో చాలా లక్షణాలు అదుపులేని మధుమేహంలోనూ, థైరాయిడ్ లోపంలోనూ, రక్తహీనతలోనూ, మనసు కుంగినప్పుడూ, రోజూ మద్యం తాగేవారిలోనూ, గురక పెట్టి ఊపిరి ఆగి ఆగి నిద్రపోయేవారిలోనూ కనిపిస్తాయి. ఐరోపాలో ఎనిమిది కేంద్రాల్లో 40 నుంచి 79 ఏళ్ల మధ్య వయసున్న మూడు వేల మందికి పైగా మగవాళ్లను పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, లైంగిక లక్షణాలతో పాటు హార్మోను కూడా నిజంగా తగ్గినవారు నూటికి ఇద్దరే తేలారు. అంటే డేరా ముందు నిలబడిన వందమందిలో చాలామందికి అసలు జబ్బు వేరే ఉంటుంది. ఆ జబ్బు పేరు వాళ్లకు అక్కడ ఎవరూ చెప్పరు.

హార్మోను తగ్గిందా లేదా తేల్చడానికి పద్ధతి ఉంది. ఉదయం 8 నుంచి 10 గంటల మధ్య పరగడుపున రక్తం తీసి చూడాలి; తక్కువ వస్తే మరో రోజు మళ్లీ చూడాలి. అమెరికా మూత్రవ్యాధి నిపుణుల సంఘం డెసిలీటరుకు 300 నానోగ్రాముల కంటే తక్కువైతే లోపంగా లెక్కిస్తుంది. మధ్యాహ్నం తీసిన ఒక్క రక్తపు బొట్టుతో తీర్పు చెప్పకూడదు. ఇంతే సంగతి. ఇంత చిన్న సంగతి చెప్పే మనిషి మా బావగారికి ఏ ఆస్పత్రిలోనూ దొరకలేదు.

ఇక మూలికల విషయానికి వస్తాను. ఇందులో అధికారులకూ జనానికీ రెండు వైపులా తొందరపాటు ఉందని నా అభిప్రాయం. ఇవన్నీ బూటకమని కొట్టిపారేసేవారు ఒక వైపు, పురాతనం గనక హాని లేదనేవారు మరో వైపు. పెన్నేరు, అంటే అశ్వగంధ, మీద చెప్పుకోదగిన పరిశీలనలు జరిగాయి. 40 నుంచి 70 ఏళ్ల వయసుండి, ఒళ్లు బరువుగా, కాస్త నీరసంగా ఉన్న 57 మంది మగవాళ్లతో మొదలుపెట్టి 2019లో ప్రచురించిన పరీక్షలో, ఉత్తుత్తి మందు వాడిన కాలంతో పోలిస్తే అశ్వగంధ సారం వాడిన కాలంలో టెస్టోస్టిరాన్ సుమారు 15 శాతం ఎక్కువ పెరిగింది. దుకాణదారులు ఈ సగం మాట చెప్పి ఊరుకుంటారు. మిగతా సగం ఏమిటంటే, నీరసం విషయంలో గాని, లైంగిక సుఖం విషయంలో గాని రెండు మందుల మధ్య లెక్కకు నిలిచే తేడా కనిపించలేదు. రక్తంలో అంకె పెరిగినంత మాత్రాన మనిషికి అంతే మేలు కలిగిందని అనుకోవడానికి వీల్లేదు.

పైగా పెన్నేరు వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. థైరాయిడ్ హార్మోన్లను అది పెంచగలదు. కాబట్టి థైరాయిడ్ జబ్బుకు మాత్రలు వాడేవారు తమంతట తాము మొదలుపెట్టకూడదు. డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది. అంత దూరం పోవాలని నేను అనను గాని, ఒక సంగతి మాత్రం చూడాలి. మన ఆయుర్వేద శాస్త్రం చెప్పింది పెన్నేరు వేరు గురించి. ధర తగ్గించుకోవడానికి ఆకును కలిపి రుబ్బుతున్నారని తెలిసే 2021లో కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆకు వాడవద్దని తయారీదారులను హెచ్చరించింది. పచ్చి వేరును విరిస్తే గుర్రపు వాసన కొడుతుంది, పేరే ఆ వాసన మీద వచ్చింది. పొడి అయ్యాక మాత్రం అందులో వేరు ఎంతో ఆకు ఎంతో కొనేవాడు ముక్కుతో పోల్చుకోలేడు. ఆ పని ప్రయోగశాలది, అంటే మీది.

దూలగొండి గింజల సంగతి మరీ జాగ్రత్తగా చూడవలసినది. వాటిలో లెవోడోపా ఉంది. ఇది వణుకుడు జబ్బు అయిన పార్కిన్‌సన్స్‌కు ఆస్పత్రిలో ఇచ్చే మందే. గింజలను పాలలో ఉడికించి, పై తొక్క తీసి, ఎండబెట్టి పొడి చేసే శుద్ధి పద్ధతి ఉంది. దాన్ని పాటించే వైద్యులను నేను ఎరుగుదును. శుద్ధి లేకుండా దంచి అమ్మిన పొడి తిని వాంతులు పట్టుకుని మా కేంద్రానికి వచ్చినవారినీ ఎరుగుదును. బీపీ మాత్రలు గాని, మనోవ్యాధి మాత్రలు గాని వాడేవారికి ఇది ప్రమాదం తెస్తుంది. పల్లేరు కాయలకు మూత్రం జారీ చేసే మందుగా పేరుంది, అయితే ఆరోగ్యవంతులైన మగవాళ్ల మీద, ఆటగాళ్ల మీద జరిగిన పరీక్షల్లో వాటివల్ల టెస్టోస్టిరాన్ పెరగలేదు. మెంతుల సారం 43 నుంచి 70 ఏళ్ల మగవాళ్లలో పన్నెండు వారాల్లో కొంత మేలు చూపించింది. శుద్ధి చేసిన శిలాజిత్తు 45 నుంచి 55 ఏళ్లవారిలో తొంభై రోజుల్లో హార్మోనును పెంచిన దాఖలా ఉంది. ఇవన్నీ కొద్దిమంది మీద కొద్దికాలం జరిగినవి, కొలిచి ఇచ్చిన సారాలతో జరిగినవి. మన సంతలో తూకం వేసి ఇచ్చే పొడికి వాటిని ఆధారంగా చూపడం సరికాదు.

మన శాస్త్రం మీద గౌరవంతో ఒక మాట మీ ముందు పెడతాను. వాజీకరణం, అంటే మగతనాన్ని పెంచే చికిత్స, చెప్పిన చరక సంహితే పదహారేళ్లలోపు వారికీ డెబ్బై దాటిన వారికీ దాన్ని కూడదంది. పురుగు తొలిచిన ఎండుకర్ర ముట్టుకోగానే పొడి అయిపోయినట్టు, ముదుసలి శరీరం ఆ ఒత్తిడికి ఆగదని కారణం కూడా చెప్పింది. ఆ గ్రంథం పేరు చెప్పి డెబ్బై అయిదేళ్ల ముసలాయనకు గుళికలు అమ్మే మనిషి ఆ గ్రంథాన్ని చదవలేదు. చదివిన ఆయుర్వేద డాక్టర్లు మన ఆయుష్ డిస్పెన్సరీల్లో ఉన్నారు. డేరా దగ్గర గుమిగూడిన జనం వాళ్ల గది ముందు ఎందుకు లేరో మనం ఆలోచించాలి.

నాకు అన్నిటికంటే భయం కలిగించేది శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతం. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్లలో దీపం ఆర్పిందో మీకు నేను చెప్పనక్కరలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం తెరిచినది ఆ బాధ చూసే. డయాలసిస్ మీద ఉన్న మగవాళ్లలో టెస్టోస్టిరాన్ తగ్గడం చాలా మామూలు. నీరసం, కోరిక లేకపోవడం, కండ కరగడం వారిని తినేస్తుంటాయి. అలాంటి మనిషికి ‘బలం మందు’ చూపిస్తే చెయ్యి చాచక ఏం చేస్తాడు? ఆ మందుల్లో కొన్ని పాదరసంతో తయారయ్యే రసౌషధాలు. అమెరికాలో పరిశోధకులు ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందులు కొని పరీక్షించి 2008లో ప్రచురించిన ఫలితాల్లో, అయిదింట ఒక వంతు మందుల్లో సీసమో పాదరసమో ఆర్సెనికో బయటపడింది. పేరున్న దుకాణాల సరుకే అలా ఉంటే, పేరే లేని పొట్లంలో ఏముంటుందో ఊహించండి. పాదరసం, సీసం రెండూ ఆ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. మన కొండల్లో దొరికే ఈశ్వరి వేరులో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. అది మూత్రపిండాలను ఎండబెట్టి, మూత్రనాళాల్లో క్యాన్సర్ పుట్టించే పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. ఏ వేరును ఏ వేరుతో కలిపి దంచారో తెలియని పొడి ఉద్దానం మనిషి నోట్లోకి వెళ్లకూడదు.

నల్లమందు గురించి కూడా చెప్పాలి. కామినీ విద్రావణ రసం అనే పాత యోగంలో నల్లమందు, ఇంగిలీకం (పాదరసపు ఖనిజం) రెండూ ఉన్నాయి. నల్లమందు జాతి మందులను ఎక్కువ కాలం వాడితే మెదడు నుంచి వృషణాలకు వెళ్లే సంకేతం మందగించి టెస్టోస్టిరాన్ పడిపోతుంది. మగతనం కోసం మొదలుపెట్టిన గుళిక ఉన్న హార్మోనునే తగ్గించి, మనిషిని తనకు అలవాటు చేసుకుంటుంది. కాంట్రాక్టు కూలీలు, లారీ డ్రైవర్లు పనిలో అలుపు రాకుండా వాటిని చప్పరించడం నేను కళ్లారా చూశాను.

చట్టం లేక కాదు. 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం, లైంగిక శక్తిని పెంచుతుందని చెప్పి మందును ప్రచారం చేయడాన్నే నిషేధించింది. మొదటి తప్పుకు ఆరు నెలల వరకు జైలు ఉంది. 1940 నాటి ఔషధ చట్టం కింద ఆయుర్వేద మందు తయారీకి లైసెన్సు కావాలి, లేబులు మీద దినుసులు రాయాలి, నల్లమందు, ముష్టి గింజలు, నల్లజీడి, పాదరసం లాంటివి ఉంటే వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలని ముద్రించాలి. లొసుగు ఒక్కచోట ఉంది: ఆయుర్వేద మందు అమ్మడానికి లైసెన్సు అక్కరలేదు. అందుకే డేరా మనిషిని పట్టుకోవడానికి మీకు దుకాణం రికార్డు దొరకదు. కానీ లేబులు లేని సరుకును స్వాధీనం చేసుకుని నమూనా పంపే అధికారం మీకు ఉంది. జాతరలు, తిరనాళ్ల తేదీలు పంచాంగంలోనే ఉన్నాయి. ఆ వారం ముందు రెండు శాఖలు కలిసి ఒక్కసారి తిరగవచ్చు.

ఈ దాడిలో గిరిజన సంతలో పిల్లితేగలు, నేలతాడి గడ్డలు తెచ్చి అమ్మే ముసలమ్మలను తరిమివేయవద్దని కూడా వేడుకుంటున్నాను. వాళ్లు అమ్మేది కళ్లకు కనిపించే గడ్డ. దాని పేరు చెబుతారు, ఎంత తినాలో చెబుతారు, ఎప్పుడు తినకూడదో అడగకపోయినా చెబుతారు. ఒక సంతలో నాలాంటి వయసువాడు గడ్డలు ఏరుతుంటే, ‘నీకు సుగరు ఉందా బాబూ, ఉంటే ఆస్పత్రిలో అడిగి తిను’ అని ఒక అవ్వ చెప్పడం నేను విన్నాను.

ఇక ఆస్పత్రుల సంగతి. ముప్పై దాటిన వారందరికీ బీపీ, మధుమేహం పరీక్షలు ఊరూరా జరుగుతున్నాయి. చాలా మంచి పని. కానీ ఇంటికి వచ్చే ఆశా కార్యకర్త ఆ ఊరి కోడలు. అరవై ఏళ్ల మామయ్యతో ఈ మాట ఆమె అడగలేదు, ఆయన చెప్పలేడు. అందుకని ప్రతి ఏరియా ఆస్పత్రిలో వారానికి ఒక ఉదయం, పొద్దున్నే 8 గంటలకు, మగ డాక్టరు, మగ సిబ్బంది, పక్కనే ఆయుష్ డాక్టరు ఒకే గదిలో కూర్చునేలా చేయండి. గది మీద మగతనం అని గాని, బలహీనత అని గాని రాయవద్దు. ‘యాభై దాటిన వారి ఆరోగ్య పరీక్ష’ అని రాయండి చాలు. సుగరు, క్రియాటినిన్, థైరాయిడ్‌తో పాటు అవసరమైన వారికి టెస్టోస్టిరాన్ పరీక్ష కూడా ఉచితంగా చేయండి. బయట ఆ ఒక్క పరీక్షకే కూలివాడికి ఒక రోజు సంపాదన పోతుంది. మూలిక ఇవ్వదగిన వారికి ఆయుష్ డాక్టరే చేతితో ఇవ్వాలి, వాడుతున్న ఇతర మందులన్నీ అదే కాగితం మీద రాయాలి. అన్నిటికంటే ముఖ్యంగా, పొట్లం పట్టుకుని వచ్చిన మనిషిని ఎక్కడ కొన్నావు, ఎందుకు కొన్నావు అని నలుగురిలో నిలదీయకుండా దాన్ని తీసుకుని రసీదు ఇచ్చే ఒక బల్ల ఉండాలి. ఆయుష్ మందుల వల్ల కలిగిన హానిని నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2018 నుంచి ఉంది. మా బావగారి విషయంలో ఆ ఫారం ఎవరూ తీయలేదు.

బావగారు ఇప్పుడు కోలుకున్నారు. తరువాత చేయించిన పరీక్షల్లో ఆయన టెస్టోస్టిరాన్ రెండుసార్లూ మామూలుగానే ఉంది. మూడు నెలల సగటు సుగరు మాత్రం 9.8 శాతం వచ్చింది, అంటే మధుమేహం బాగా ముదిరి ఉంది, అది ఎప్పటి నుంచి అలా ఉందో ఎవరికీ తెలియదు. హార్మోను మామూలుగానే ఉందని డాక్టరు చెప్పినప్పుడు ఆయన చాలాసేపు నేల వైపు చూసి, ‘అయితే నాలో లోపం లేదన్నమాట’ అన్నారు. ఆ చూర్ణం కొన్న రోజు కూడా ఆయనకు కావలసింది ఆ ఒక్క మాటే.

ఆ పొట్లం ఇంకా నా దగ్గరే ఉంది. తేమ తగలకుండా గాజు సీసాలో పెట్టి, కొన్న తేదీ, వాడిన మోతాదు, ఆస్పత్రిలో నమోదైన రక్తపోటు ఒక కాగితం మీద రాసి మూతకు అతికించాను. మీలో ఏ కార్యాలయం తీసుకుంటామన్నా, ఏ రోజు రమ్మన్నా, నేనే స్వయంగా తెచ్చి అప్పగిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫార్మసిస్టు,
విజయనగరం